ఉప్పు చూడని వంటమనిషితో న్యూకాసిల్‌లో ఒక శనివారం

మా ఆఫీసులో ఒకాయన ఇంగ్లండు ఉత్తరాదిన ఉన్న న్యూకాసిల్ నుంచి వచ్చాడు. మధ్యాహ్నం డబ్బా తెరిచాడంటే చాలు, వాళ్ళ ఊరి హోటళ్ళ గురించి మొదలుపెడతాడు. ఊరూరా ఒకే బోర్డు, ఒకే రుచి ఉండే హోటళ్ళు కావట, యజమానే స్టవ్ దగ్గర నిలబడే చిన్న చిన్న హోటళ్ళట. ఆ పూట మార్కెట్లో ఏం దొరికితే అదే పలక మీద రాస్తారట. "మన సిడ్నీకి పైన కూడా ఒక న్యూకాసిల్ ఉంది కదా, ఎప్పుడైనా వెళ్ళావా?" అని అడిగితే, ఆ పేరు పెట్టుకున్నంత మాత్రాన ఆ ఊరైపోతుందా అని కొట్టిపారేశాడు. ఇంకొకరు కొట్టిపారేసిన ఊరంటే నాకు ముందునుంచీ ఒక కుతూహలం. అక్కడ సొంతంగా నడుపుకునే హోటళ్ళు ఎలా ఉంటాయో తిని చూడాలని అప్పుడే అనుకున్నాను.

అనుకున్నదాన్ని నిజంగా రైలెక్కించింది మాత్రం సింధు. సింధు మా అక్క కూతురు. అకౌంటింగ్‌లో మాస్టర్స్ చేయడానికి తెనాలి నుంచి వచ్చి, చదువయ్యాక ఒక ఆఫీసులో బిల్లులు సరిచూసే ఉద్యోగంలో చేరింది. సిడ్నీ శివార్లలోని కెల్లీవిల్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల అద్దెకుంటుంది. ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ కూడా వచ్చింది. ఇంక పెళ్ళి మాటే తరువాయి అని మేమంతా అనుకుంటుండగా, ఈ పిల్ల సాయంకాలాలు వంట కోర్సులో చేరి, అది పూర్తిచేసి, న్యూకాసిల్‌లో ఒక చిన్న గ్రీకు హోటల్‌కు అప్లై చేసింది. శనివారం వచ్చి లంచ్ పూట మాతో కలిసి పనిచెయ్యి, నచ్చితే పెట్టుకుంటాం అని వాళ్ళు కబురు పంపారు. సరిగ్గా అదే వారం ఆఫీసు వాళ్ళు పర్మనెంట్ చేస్తాం, సోమవారానికల్లా ఏదో ఒకటి చెప్పమన్నారు.

"పిన్నీ, శనివారం సెట్ అయితే ఆఫీసుకి నో చెప్పేస్తా. సెట్ కాకపోతే సైన్ చేసేసి, ఇంక లైఫ్‌లో వంట మాటెత్తను. ప్రామిస్," అంది. మా అక్క అభిప్రాయం ఫోన్లో ముందే వచ్చేసింది. "గరిటె తిప్పడానికైతే తెనాల్లో స్టవ్ లేదటే? దానికి అంత దూరం పోవాలా?" అక్క కోపంలో న్యాయం లేదని నేను అనలేను. కానీ సింధు వంకాయ కూర తిన్న నోటితో ఆ పిల్లను బిల్లులు చూసుకోమని చెప్పడం కూడా నాకు చేతకాలేదు. తోడు వెళ్తానన్నాను. ఒకే ఒక్క షరతు పెట్టింది. "నువ్వు కస్టమర్‌లా వచ్చి తిను. నేను నీకు తెలిసినట్టు మాత్రం ఎక్కడా కనపడకు."

రౌస్ హిల్ వైపు నుంచి వచ్చే మెట్రో కెల్లీవిల్‌లో ఎక్కి, ఎప్పింగ్‌లో దిగి, అక్కడ న్యూకాసిల్ రైలు పట్టుకోవాలి. తెల్లవారుజామున బయల్దేరితే తొమ్మిదికి ముందే చేరిపోతారు. రైల్లోనే రెండు గంటల పైచిలుకు పడుతుంది. శని, ఆదివారాల్లో ఎంత తిరిగినా రోజు మొత్తానికి కార్డులో పది డాలర్లకు అటూ ఇటూగానే పోతుంది, ట్రామూ ఫెర్రీ కూడా అందులోనే. కాబట్టి కారు తీసి ఎం వన్ హైవే మీద చేతులు నొప్పి పుట్టించుకోకండి. హాక్స్‌బరీ నది దాటేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. నీళ్ళ అంచున రైలు వంకర్లు తిరుగుతూ పోతుంటే, ఆల్చిప్పలు పెంచే కర్రల వరసలు కనిపిస్తాయి. వాటిని చూపిద్దామని సింధును తట్టాను. ఆ పిల్ల కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. హనుమాన్ చాలీసా అనుకున్నాను. చెవి దగ్గరగా పెట్టి వింటే ఉల్లిపాయలు ఎన్ని రకాలుగా తరగొచ్చో వల్లె వేస్తోంది.

న్యూకాసిల్‌కు ఒక్క స్టేషను ముందు హామిల్టన్‌లో దిగాం. స్టేషను పక్కనే బోమాంట్ స్ట్రీట్ ఉంటుంది. వీధికి రెండువైపులా చిన్న చిన్న హోటళ్ళు, ఒకదాని పక్కన ఒకటి, ఒక్కొక్కటీ ఒక్కో దేశానిది. మేం వెళ్ళిన కాఫీ హోటల్లో భర్త వండుతాడు, భార్య వడ్డిస్తుంది, మూడో మనిషి లేరు. నాకు శనివారం నీచు ముట్టని అలవాటు, గుడ్డు కూడా తినను. మెనూలో గుడ్డు లేనిది వెతకడం ఈ దేశపు టిఫిన్లలో పెద్ద పరీక్షే. గుడ్డు తీసేసి ఇస్తారా అని బెరుగ్గా అడిగితే, ఆయన స్టవ్ దగ్గర నుంచే తలెత్తి, "దాని బదులు పుట్టగొడుగులు ఇంకాస్త వేస్తా, సరేనా?" అన్నాడు. వెన్నలో వేయించిన పుట్టగొడుగులు, పైన ఏదో ఆకు, కింద మందంగా కోసిన రొట్టె, పద్దెనిమిది డాలర్లు. పెద్ద హోటల్లో అయితే అదే మాటకు మేనేజర్ దాకా వెళ్ళాల్సొచ్చేది. సింధు మాత్రం కాఫీ తప్ప ఏమీ ముట్టలేదు.

కొత్త ఊళ్ళో మంచి తిండి దొరకాలంటే నేను ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది. డబ్బులిచ్చేటప్పుడు ఆయన్నీ అడిగాను, మీ సెలవు రోజున మీరెక్కడ తింటారు అని. ఆయన ఆలోచించకుండానే, "ఈస్ట్ ఎండ్ సందులో ఎలేని దగ్గర. ఆవిడ కోపం భరించగలిగితే దానికి మించిన తిండి లేదు," అన్నాడు. సింధు కప్పు కింద పెట్టి నా వైపు చూసింది. ఆ పిల్ల వెళ్ళాల్సింది అక్కడికే.

మళ్ళీ రైలెక్కి న్యూకాసిల్ చేరాం, పదింటికి సింధు ఆ సందులోకి వెళ్ళిపోయింది. లంచ్‌కు నాకు చాలా సమయం ఉంది. ట్రాము హంటర్ స్ట్రీట్ పొడవునా సముద్రం దాకా వెళ్తుంది. దిగి కాసేపు ఒడ్డున నడిచాను. ఇక్కడి వాళ్ళ వింత ఏమిటంటే, ఒకవైపు అలల మీద పిల్లలు ఆడుతుంటారు, వాళ్ళ వెనకాలే ఊరంత ఓడ బొగ్గు నింపుకోవడానికి వస్తుంటుంది, ఎవరూ తలతిప్పి చూడరు. ఓడరేవు దగ్గర ఫెర్రీ ఎక్కి అవతలి స్టాక్టన్‌కు వెళ్ళి వచ్చాను. వెళ్ళడానికి పట్టేది ఐదారు నిమిషాలే. నా పక్కన కూర్చున్న పెద్దావిడ, "ఎక్కడి నుంచి?" అంటే సిడ్నీ అన్నాను. "తినడానికి ఇంత దూరమా!" అని నవ్వింది. మామూలుగా అయితే నేనూ నవ్వేదాన్ని.  ఆ రోజు మాత్రం పరీక్ష రాసేది సింధు, పదే పదే గడియారం చూసుకుంటున్నది నేను.

ఒంటిగంటకు ముందే హోటల్‌కు చేరాను. పాత బట్టల కొట్టును మార్చి కట్టుకున్నారు. పదో పన్నెండో బల్లలు, వంటగదికీ హాలుకీ మధ్య నడుమెత్తు గోడ. ఆ గోడ మీదుగా లోపలి పని అంతా కనిపిస్తుంది. ఎలేనికి అరవై దాటి ఉంటాయి. పొట్టిగా, గట్టిగా, నెరిసిన జుట్టు మీద గుడ్డ కట్టుకుని ఉంది. ఆమె పక్కన స్టవ్ మీద ఒక రేకు డబ్బా నిండా స్పూన్లు. ప్రతి గిన్నెలోంచీ ఒక స్పూనుతో తీయడం, నాలుక మీద వేసుకోవడం, ఆ స్పూనును కడిగే తొట్టిలోకి విసరడం, మళ్ళీ కొత్తది తీయడం. టింగ్, టింగ్ అని ఆ చప్పుడు ఆగదు. ఆమె వెనక సింధు, భుజాలు పైకి బిగబట్టి, నా వైపు చూడకుండా.

శనివారం కాబట్టి గొర్రె మాంసం వద్దని, పాలకూర, నిమ్మరసంతో నెమ్మదిగా ఉడికించిన శనగలు చెప్పాను. పైన ఫెటా అని వాళ్ళ తెల్లని చీజ్ చిదిమి వేస్తారు, రొట్టెతో కలిపి ఇరవై ఆరు డాలర్లు. "ఈ పూట శనగలు మా కొత్తమ్మాయి చేసింది," అంది ఎలేనే వచ్చి. 

మొదటి ముద్ద పెట్టుకోగానే తెలిసింది. ఉప్పు కషాయం. శనగలు వెన్నలా ఉడికాయి, పాలకూర పచ్చదనం పోలేదు, నిమ్మ సరిగ్గా పడింది, ఉప్పు మాత్రం నాలుకను పట్టుకుని వదల్లేదు. ఎందుకలా అయిందో కూడా నాకు వెంటనే అర్థమైంది. మా ఇళ్ళలో వంట ముందు దేవుడి దగ్గరికి వెళ్తుంది. అప్పటిదాకా నోట్లో వేసుకుంటే ఎంగిలి. ఉప్పు చూడటమంటే మా అమ్మ, అక్క అందరూ ఆవిరి వాసన పట్టి చెప్పేవాళ్ళే. సింధు చెయ్యి కూడా అలాగే తయారైంది. గుగ్గిళ్ళకు వేసినట్టు శనగలకు కళ్ళతో కొలిచి ఉప్పేసింది, అది సరిపోయి కూడా ఉంటుంది. ఫెటా అనేది ఉప్పునీళ్ళలో నానే సరుకని చెయ్యికి తెలియదు. కోర్సులో మాస్టారు రుచి చూసేవాడు కాబట్టి అక్కడ గడిచిపోయింది.

ఎలేని నా బల్ల దగ్గరికి వచ్చింది. "ఎలా ఉంది?"

"చాలా బాగుంది, థాంక్యూ," అన్నాను. అది నేనన్నది కాదు, మర్యాద అన్నది. పెట్టినవాళ్ళ ముందు తిండికి వంక పెట్టకూడదని చిన్నప్పుడు నేర్పిన మాట. పక్క బల్ల దగ్గర ఇద్దరు తెల్లజుట్టు దంపతులూ అవే శనగలు కెలుకుతూ "లవ్‌లీ, లవ్‌లీ" అన్నారు. ఈ విషయంలో ఆస్ట్రేలియా వాళ్ళు మన వియ్యంకులే.

ఎలేని కదల్లేదు. "మరి మూడో గ్లాసు నీళ్ళు ఎందుకు తాగుతున్నావు డార్లింగ్?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "చూడు, మూడింటికి నేనొక మాట చెప్పాలి, ఈ అమ్మాయి ఉండాలా వెళ్ళాలా అని. ఇంత రద్దీలో ఆ గిన్నె నేనే చూడలేకపోయాను. మీరంతా బాగుందని చెప్పి వెళ్ళిపోతే నేను దేన్ని బట్టి చెప్పను?"

నేను గోడ వైపు చూశాను. సింధు చేతిలో కత్తి ఆగింది. ఒక్క మాట, "నిజంగానే బాగుంది" అంటే చాలు, ఆ పిల్లకు ఉద్యోగం వచ్చేలా ఉంది. అనాలనే ఉంది నాకు, దేవుడి సాక్షిగా అనాలనే ఉంది. కానీ అదే గిన్నెలోంచి ఇంకో రెండు ప్లేట్లు బయటికి రావడానికి సిద్ధంగా ఉన్నాయి. నా అబద్ధంతో ఈ పూట గడుస్తుంది, రేపు పూట? వచ్చే వారం ఏ కస్టమరో విసిరికొడితే అప్పుడు పక్కన నేను కూడా ఉండను.

"ఉప్పెక్కువైంది," అన్నాను. "మిగతాదంతా బాగుంది. ఉప్పు మాత్రం చాలా ఎక్కువైంది."

"పిన్నీ, నిజంగానా?" అని గోడ అవతలి నుంచి తెలుగులో వినిపించింది. అంతే, మా షరతు గాల్లో కలిసింది.

ఎలేని ఇటూ అటూ చూసింది. "మీకు పరిచయమా?"

"నేను వాళ్ళ పిన్నిని. అమ్మ చెల్లెల్ని."

"సొంత పిన్నివై ఉండి ఉప్పెక్కువైందన్నావా?" అని నోరు తెరిచింది. వెంటనే సింధు వైపు తిరిగింది. "నువ్వు రుచి చూశావా?" సింధు తల అడ్డంగా ఊపింది. "ఎందుకు చూడలేదు?"  మా ఇళ్ళ పద్ధతి నేనే చెప్పాను, దేవుడికి పెట్టకముందు ఎవరూ నోట్లో వేసుకోరని. ఎలేని నవ్వలేదు. ఉపవాసాల రోజుల్లో వాళ్ళమ్మ కూడా మాంసం రుచి చూడకుండానే ఇంటిల్లిపాదికీ వండేదట. "మంచి పద్ధతే. కానీ దేవుడు ఏం పెట్టినా ఓర్చుకుంటాడు. వీళ్ళు ఓర్చుకోరు. చెప్పరు కూడా, మళ్ళీ రారు, అంతే."

సింధు బయటికి వచ్చింది. డబ్బాలోంచి స్పూను తేలేదు, ఆ సంగతే తోచినట్టు లేదు. నా ప్లేట్లో, నా చెంచాతోనే, నేను సగం తిన్న శనగలు తీసి నోట్లో పెట్టుకుంది. ఎంగిలని మా ఇంట్లో నీళ్ళ గ్లాసు కూడా ఎత్తి పోసుకునే పిల్ల. నమిలి, కళ్ళు గట్టిగా మూసుకుంది. "ఛీ, ఉప్పుగల్లు," అంది. కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. అవి ఉప్పుకు వచ్చినవి కావని నాకు తెలుసు. లేచి ఆ పిల్లను పట్టుకుని ఇంటికి తీసుకుపోదామన్నంత బాధ కలిగింది.

ఎలేని మాత్రం ఓదార్చే మనిషి కాదు. "ఏడవడం ఇంటికెళ్ళాక. ఆ బల్ల దగ్గరికి వెళ్ళి ప్లేట్లు వెనక్కి తీసుకో. తప్పు నీదని నువ్వే చెప్పు," అంది. సింధు వెళ్ళింది. "సారీ, నేనే చేశాను, రుచి చూడలేదు. పది నిమిషాలివ్వండి," అంది. ఆ పెద్దాయన అప్పుడు మెల్లగా, "అవునమ్మా, నిజం చెప్పాలంటే కొంచెం ఉప్పగానే ఉంది," అన్నాడు. ఇంతసేపూ లవ్‌లీ అన్నది ఈ మహానుభావుడే.

ఆ పది నిమిషాలూ నేను గోడ మీద నుంచి చూపు తిప్పలేదు. ఉప్పు వేయకుండా విడిగా ఉడికించి పెట్టిన శనగలు ఇంకో గిన్నెలో ఉన్నాయి. అవి కలిపింది. స్పూను తీసి రుచి చూసింది, విసిరింది. ఇంకాస్త పాలకూర వేసింది, చూసింది, విసిరింది. టింగ్, టింగ్. చివర్లో ఫెటా డబ్బా మీదికి చెయ్యి వెళ్ళి ఆగింది. దాన్ని పక్కకు నెట్టి, గట్టి పెరుగు ఒక గరిటెడు పైన వేసింది. ఎలేని చూస్తూ నిలబడింది, ఒక్క మాట సాయం చేయలేదు. కొత్త ప్లేటు నాకూ ఒకటి వచ్చింది. ఈసారి నేను రొట్టెతో ప్లేటు తుడుచుకుని తిన్నాను. పక్క బల్ల వాళ్ళు ఏమీ అనలేదు, ప్లేట్లు మాత్రం ఖాళీగా వెళ్ళాయి.

మూడు దాటాక సింధు రేవు దగ్గరికి వచ్చింది. నేను బెంచీ మీద కూర్చుని ఒక పొట్లం బంగాళాదుంప చిప్స్ ముందు పెట్టుకుని, ఒక్కటీ తినకుండా ఉన్నాను. నా పక్కన కూలబడింది.

"స్టవ్ ఇవ్వనందిరా పిన్నీ," అంది. కంగారులో నన్ను "రా" అంటుంది చిన్నప్పటి నుంచీ. "ఇప్పుడే ఇవ్వదంట. ముందు కోత పని, సాలడ్స్. ఇంకా..."

"ఇంకా?"

"రోజూ డోర్ ఓపెన్ చేసే ముందు ప్రతి గిన్నే నేనే టేస్ట్ చేసి ఆవిడకి రిపోర్ట్ చెయ్యాలంట. ఆవిడ చేసినవి కూడా. బాలేకపోతే బాలేదని ఫేస్ మీదే చెప్పాలంట. థర్స్‌డే నుంచి రమ్మంది. జీతం ఆఫీసులో వచ్చేదాని కంటే తక్కువే."

"మరి నువ్వేమన్నావు?"

"వస్తానన్నా," అని నా చిప్స్ పొట్లం లాక్కుంది. పొద్దుటి నుంచీ ఆ పిల్ల కడుపులో కాఫీ తప్ప పడిందల్లా నా ప్లేట్లోని ఉప్పు శనగలూ, ఆ స్పూన్లలోదీ. పొట్లం ఖాళీ చేసేసింది.

తిరుగు రైల్లో మా అక్కకు ఫోన్ చేసి, జరిగిందంతా దాచకుండా చెప్పింది. స్పీకరులో ఉందని తెలియక అక్క మొదట అడిగిన మాట, "ఉప్పెక్కువైందని ఎవరు చెప్పారు?" "పిన్ని." "దానికి బుద్ధుందా? బాగుందంటే దాని సొమ్మేం పోయింది?" అని నన్ను చెడామడా తిట్టింది. పెట్టెలో ముందు సీటాయన కూడా వెనక్కి తిరిగి చూశాడు. తిట్టడం అయ్యాక, "అయితే ఆ ముసలావిడ వండింది కూడా ఇదే చూసి చెప్తుందా?" అంది. "అవునమ్మా." "ఆవిడ ఊరుకుంటుందా?" "ఊరుకుంటానంది."  ఫోను పెట్టేసే ముందు అక్క, "ఖాళీ కడుపుతో చూడకు, నాలుక సరిగ్గా చెప్పదు. పొద్దున్నే ఏదన్నా తినెళ్ళు," అంది. 

ఊళ్ళు తిరిగి తిని రాయడం మొదలుపెట్టి చాలా కాలమైంది. యజమానే నిలబడి వండే చోట తిండి ఎందుకు వేరుగా ఉంటుందో నాకు ఈ శనివారమే తెలిసింది. అక్కడ ఎదుటి మనిషి మన మొహం చూస్తుంది, మనం ఎన్ని గ్లాసులు నీళ్ళు తాగామో చూస్తుంది. మర్యాద కోసం మనం చెప్పే బాగుంది అనే మాట ఆ మనిషికి ఎందుకూ పనికిరాదు. ఇంటికొచ్చి రాత్రి ఫోన్లో ఒక్క స్టార్ రేటింగ్ ఇచ్చి పడుకుంటే అసలే పనికిరాదు. సింధుకు నేను చేసిన మేలేమిటో నాకింకా తెలియదు. ఆఫీసు ఉద్యోగం వదులుకున్నందుకు ఏడాది తర్వాత నన్నే తిట్టుకుంటుందేమో కూడా. అయినా నేను అబద్ధం చెప్పి తెచ్చిన ఉద్యోగం కాదది. అందుకే ఆ రాత్రి నిద్ర పట్టింది.

మీరు వెళ్ళాలనుకుంటే ఒక్క మాట గుర్తుంచుకోండి. ఇలాంటి చిన్న హోటళ్ళు చాలావరకు సోమ, మంగళవారాలు తెరవరు, మధ్యాహ్నం రెండు దాటితే వంటగది కట్టేస్తారు. మన అలవాటు ప్రకారం రెండున్నరకు భోజనానికి వెళ్తే కాఫీయే గతి. శనివారం ఒంటిగంటకు ముందుగా ఫోన్ చేసి బల్ల చెప్పుకోండి, శనగలు అడగండి, రెండో ముద్దకే ఎలా ఉందో చెప్పెయ్యండి. బాలేకపోతే గోడ అవతల ఉన్న తెలుగమ్మాయిని పిలవండి. స్పూను పట్టుకుని తనే వస్తుంది.